వృత్తి అనే గడి ఖాళీగా ఉన్నప్పుడు

(గాజువాకలో ఒక శనివారం సాయంత్రం, వేర్వేరు సంఘాలకు చెందిన ఉద్యోగస్తులు కుటుంబాలతో కలిసిన కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, అమ్మలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభువు పేరున వందనాలు.

మా సంఘంలో కొన్నేళ్లకోసారి సభ్యుల రిజిస్టరు తిరగరాస్తారు. అందరికీ ఒక కాగితం ఇస్తారు. పేరు, తండ్రి లేక భర్త పేరు, బాప్తిస్మం తీసుకున్న తేదీ, వృత్తి, చిరునామా, ఫోన్ నంబరు. ఆరు గడులు. 2020 చివర్లో ఆ కాగితం నా చేతికొచ్చింది. మొదటి మూడూ గబగబా రాసేశాను. నాలుగో దాని దగ్గర పెన్ను ఆగిపోయింది. అంతకు నాలుగు నెలల ముందే నా ఉద్యోగం పోయింది.

19 ఏళ్లు ఒకే కంపెనీలో చేశాను. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆ ఏడు అందరికీ తెలిసిన ఏడు. ఒకరోజు పిలిచి, రెండు నెలల జీతం ఇచ్చి, గేటు పాసు, మెళ్లో ట్యాగు అక్కడే పెట్టి వెళ్లమన్నారు. పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత చాలా రోజులు, ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టేటప్పుడు నా చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లేది, ట్యాగు ఉందా లేదా అని తడుముకోవడానికి.

ఇక ఆ గడిలో ఏం రాయాలి? ‘నిరుద్యోగి’ అని రాయడానికి చెయ్యి రాలేదు. పాత హోదా రాద్దామంటే దేవుని మందిరంలో కూర్చుని అబద్ధం రాయడమే అవుతుంది. కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుని ఇంటికి పోయాను. మరుసటి ఆదివారం తెచ్చాను, మళ్లీ పట్టుకుపోయాను. అలా మూడు ఆదివారాలు. రెండంగుళాల గడి అది. దాని ముందు 47 ఏళ్ల మనిషిని, చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టినవాణ్ణి, కదల్లేకపోయాను. ఈ సాయంత్రం ఆ గడి గురించే మాట్లాడతాను.

మన విశాఖ ఎలాంటి ఊరో చూడండి. ఎవరైనా కొత్తగా పరిచయమైతే పేరు తర్వాత రెండో మాట ‘ఎక్కడ?’. ఎక్కడ ఉంటున్నారు అని కాదు. స్టీలా, పోర్టా, షిప్‌యార్డా, రిఫైనరీయా అని. బస్సులో కండక్టరు ‘సింధియా, సింధియా’ అని కేకేస్తాడు. సింధియా అనేది ఒక ఓడల కంపెనీ పేరు. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ గారి చేత ఇక్కడ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేయించింది. 1948లో ‘జల ఉష’ ఓడ ఇక్కడే నీళ్లలోకి దిగింది. తర్వాత ఆ కంపెనీ చేతుల్లోంచి అది ప్రభుత్వానికి వచ్చింది, హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ పోయి ఎన్ని దశాబ్దాలైనా స్టాపు పేరు ఉండిపోయింది. బి.హెచ్.పి.వి. కర్మాగారం కూడా అంతే, ఇప్పుడది బి.హెచ్.ఇ.ఎల్.లో భాగం, మనకి మాత్రం ఆ ప్రాంతం ఎప్పటికీ బి.హెచ్.పి.వి.యే. ఉక్కునగరం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఊరి పేటలకు కర్మాగారాల పేర్లు పెట్టుకున్నాం. ఆ అలవాటే మనుషులకీ పాకింది.

దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ కర్మాగారం కోసం ఈ చుట్టుపక్కల పల్లెలవాళ్లు భూములిచ్చారు. నాగలి పట్టిన రైతులు ఒక్క సంతకంతో నిర్వాసితులైపోయారు. చేతిలో ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు, పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయిపోయినవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. 2021 జనవరిలో ప్లాంటును అమ్మాలని కేంద్రం నిర్ణయం తీసుకున్నాక కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వేసుకుని కూర్చున్నవాళ్లలో మన సహోదరులు ఉన్నారు. ఉద్యోగం అంటే ఇక్కడ ఒక నెల జీతం మాత్రమే కాదు. తండ్రుల భూమి, అన్నల రక్తం అందులో కలిసి ఉన్నాయి. అందుకే అది కదిలినప్పుడు మనిషి కూడా పునాదితో సహా కదిలిపోతాడు. నాకు తెలుసు.

‘ఉద్యోగం పురుష లక్షణం’ అంటారు మన పెద్దవాళ్లు. ‘అది పోతే అవలక్షణం’ అని దానికో తోక కూడా తగిలించారు. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక బంధువు మా గుమ్మంలో నిలబడి ఆ తోక కూడా కలిపి అన్నాడు. నిజానికి ‘ఉద్యోగం’ అన్న మాటకు పూనిక, ప్రయత్నం అని అర్థం. పాత పుస్తకాల్లో ఆ మాట ఆ అర్థంలోనే ఉంది. దాన్ని మనం గేటు పాసుగా మార్చుకున్నాం.

మరి పురుష లక్షణం అంటున్నారు కదా, ఆడవాళ్ల సంగతి? ఇక్కడున్న అమ్మల్ని ఎవరినైనా అడగండి, ‘మీరేం చేస్తుంటారండీ’ అని. ‘ఏమీ చెయ్యనండి, ఇంట్లోనే ఉంటాను’ అంటారు. తెల్లవారి నాలుగున్నరకు లేచి, ఎ షిఫ్టు భర్తకు క్యారేజీ కట్టి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి మందులిచ్చి, మళ్లీ రాత్రి పదకొండుకు బి షిఫ్టు కొడుకు కోసం అన్నం వేడి చేసి పెట్టే మనిషి ‘ఏమీ చెయ్యనండి’ అంటుంది. వాళ్ల నోట ఆ మాట ఎవరు పెట్టారు? మనమే పెట్టాం. మన కాగితాల్లోని ఆ నాలుగో గడి పెట్టింది.

ఇప్పుడు మా తాతగారి గురించి చెప్పాలి. ఇది చెప్పకుండా నేను ఈ మాట మొత్తం చెప్పలేను.

మాది విజయనగరం అవతల ఒక పల్లె. మా తాత తోలు పని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు, మోటకు తోలు తిత్తులు కట్టేవాడు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ‘ఒరే, సెప్పులోడా’ అనేవారట. అది పనిని పిలవడం, మనిషిని కాదు. ఆయన తండ్రిని కూడా అలాగే పిలిచేవారు. పుట్టబోయే కొడుకునూ అలాగే పిలుస్తారు. అంటే ఏమిటి? మన దేశంలో ‘నీ పనే నువ్వు’ అన్న సిద్ధాంతం ఆఫీసులతో, కంపెనీలతో వచ్చింది కాదు. వేల ఏళ్లుగా ఉంది. దాని పేరు కులం. నీ చేతులు ఏం చేస్తాయో అదే నువ్వు, నీ పిల్లలూ అదే, నువ్వు ఎక్కడ నిలబడాలో, ఏ బావిలో నీళ్లు తోడకూడదో కూడా అదే చెబుతుంది.

కెనడా నుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీల సువార్త ఆ పల్లెకు చేరింది. మా తాత చెరువులో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆరోజు నీళ్లలో నిలబడి పాస్టరుగారు మా తాతను పేరు పెట్టి పిలిచారు. నలుగురి మధ్య, గట్టిగా, పూర్తి పేరుతో. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా మా తాత గొంతు మారిపోయేది. బాప్తిస్మం గురించి ఆయన ఇంకేమీ చెప్పేవాడు కాదు. ‘నన్ను పేరెట్టి పిలిసేరురా’ అనేవాడు. రాత్రిబడిలో ఆయన నేర్చుకున్న అక్షరాలు తన పేరు రాసుకోవడానికి సరిపోయాయి. ఆ పేరు మా ఇంటి పెద్ద బైబిలు మొదటి పేజీలో ఇప్పటికీ ఉంది. వంకర టింకర అక్షరాలు, సిరా పాలిపోయింది.

యెషయా గ్రంథం 43వ అధ్యాయం మొదటి వచనం: ‘నేను నిన్ను విమోచించియున్నాను భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు.’ ఈ వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. దానికి మా తాత చెప్పినంత అర్థం ఎవరూ చెప్పలేదు. బబులోను చెరలో ఉన్న జనంతో దేవుడు ఆ మాట అంటున్నాడు. దేవాలయం లేదు, పొలం లేదు, చేయడానికి సొంత పని లేదు, పరాయి రాజు పని చేస్తున్నారు. వాళ్లతో ‘నా సొత్తు’ అంటున్నాడు.

ఆ తాతకు మనవణ్ణి నేను. చదువుకున్నాను, డిప్లొమా చేశాను, కంపెనీలో చేరాను. మా తాతకు పని పేరు నుంచి విడుదల దొరికితే, నేను మళ్లీ నా కాళ్లతో నడిచి వెళ్లి పని పేరులో కూర్చున్నాను. ఆయన్ని ఇతరులు బలవంతంగా ఆ పేరులో పెట్టారు. నేను ఇష్టపడి, మెళ్లో ట్యాగు వేసుకుని మరీ దూరాను. మూడు ఆదివారాలు ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది ఇదే. అర్థమైనప్పుడు ఏడ్చాను.

ఒంగోలు చరిత్ర మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో, మొదలైన ధాత కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ, మన వాళ్లు క్లౌ దొర అంటారు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు పని. వేలమంది వచ్చి మట్టి తవ్వి కూలి తీసుకుని బతికారు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. సహాయం సాగినంత కాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో కలగాపులగం కాకూడదని. కరువు పని అయిపోయింది, పంచడానికి డబ్బులు లేవు. అప్పుడూ జనం వచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి. ఆ నీళ్లలోంచి లేచినవాళ్లలో చాలామంది మా తాతలాంటివాళ్లు, తోలు పని చేసినవాళ్లు. కూలి వేరు, పేరు వేరు అని ఆ కాలువ గట్టు మీద మన పూర్వీకులు నేర్చుకున్నారు. ఇది పుస్తకాల్లో చదివిన వేదాంతం కాదు మనకి. మన ఇళ్లలో జరిగింది.

ఇక ప్రభువు దగ్గరికి వద్దాం.

మార్కు సువార్త ఆరో అధ్యాయంలో నజరేతువాళ్లు అడుగుతారు: ‘ఇతడు వడ్లవాడు కాడా?’ చూశారా, వాళ్లకీ మనకీ ఒకటే అలవాటు. ఆయన బోధ విన్నారు, అద్భుతాల మాట విన్నారు, అయినా చివరికి పని దగ్గరికే వచ్చారు. వడ్లవాడు మనకి బోధించడమేమిటని అభ్యంతరపడ్డారు. ప్రభువు ఆ పనిని ఎప్పుడూ దాచుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్ల వయసు దాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. చిత్రిక పట్టాడు, ఉలితో చెక్కాడు, చేతికి పేళ్లు గుచ్చుకునే ఉంటాయి. దేవుని కుమారుడు బోధ చేసింది మూడేళ్లు, బల్లలు చేసింది అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం. పని అంటే చిన్నచూపు ఉన్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అయితే యొర్దానులో ఏం జరిగిందో చూడండి. ఆయన నీళ్లలోంచి బయటికి రాగానే ఆకాశం నుంచి మాట వినిపించింది: ‘ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను.’ అప్పటికి ఒక్క రోగిని బాగు చేయలేదు. ఒక్క ప్రసంగం చేయలేదు. శిష్యుడు ఒక్కడు లేడు. మన భాషలో చెప్పాలంటే రెజ్యూమెలో రాయడానికి వడ్రంగం తప్ప ఏమీ లేదు. ఆ స్థితిలో తండ్రి ‘ఆనందించుచున్నాను’ అన్నాడు. పని చూసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదది. ఆ మాట ముందు వచ్చింది, పని తర్వాత వచ్చింది. అరణ్యంలో సాతాను మొదట పట్టుకున్నది కూడా దీన్నే. ‘నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లు రొట్టెలగునట్లు ఆజ్ఞాపించుము.’ అంటే, నువ్వెవరో ఏదో ఒకటి చేసి రుజువు చెయ్యి అని. నాకు ఉద్యోగం పోయిన మొదటి నెలల్లో తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి వినిపించిన గొంతు అచ్చం ఇదే. ఏదీ, నువ్వు మనిషివైతే ఏదో ఒకటి చేసి చూపించు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ రోజుల్లో ఒక సహోదరుడు నా భుజం తట్టి, ‘నీ గుర్తింపు క్రీస్తులో ఉంది కదా అన్నా, బాధెందుకు’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ అప్పుడు మా ఇంట్లో బల్ల మీద బ్యాంకు నోటీసు ఉంది. పాప కాలేజీ ఫీజు కట్టాలి. ఆ మాట నాకు తేనెలా కాక కారంలా తగిలింది. సత్యమే, కానీ ఆకలిగా ఉన్నవాడి ముందు అన్నం లేకుండా పెట్టిన సత్యం. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకుని ‘నా ప్రాణము తీసికొనుము’ అని అడిగినప్పుడు దేవదూత వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి, ‘నీవు లేచి భోజనము చేయుము’ అన్నాడు. రొట్టె, నీళ్లు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. హోరేబు కొండ మీద దేవుడు ఆయనతో అన్న మాటలన్నీ ఆ తర్వాతే.

పేతురుకు జరిగింది కూడా అలాంటిదే. మన ఫిషింగ్ హార్బరు మీకు తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, బోట్లు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలల్లో ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే అన్నల్ని చూడండి. వేటలో లేని మత్స్యకారుడు ఎంత నిశ్శబ్దంగా ఉంటాడో. 2023 నవంబరులో ఒక రాత్రి మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు కాలిపోయినప్పుడు ఆ ఒడ్డున ఏడ్చినవాళ్లు డబ్బు ఒక్కదాని కోసమే ఏడవలేదు.

పేతురు ఆ కోవ మనిషి. ప్రభువును మూడుసార్లు ఎరగనన్నాడు. ఇక తను శిష్యుడు కాదనుకున్నాడేమో. ‘నేను చేపలు పట్టబోదును’ అన్నాడు. పాత పనికి వెళ్లిపోయాడు, కనీసం అదన్నా తనదని. ‘ఆ రాత్రి యేమియు పట్టలేదు.’ కొత్త పేరూ పోయింది, పాత పనీ చేతికి చిక్కలేదు. తెల్లవారేసరికి ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. దోనె కుడివైపు వల వేయమన్నాడు, 153 పెద్ద చేపలు పడ్డాయి. గమ్మత్తేమిటంటే, వాళ్లు ఆ చేపలు ఒడ్డుకు లాక్కొచ్చేసరికి అక్కడ నిప్పులున్నాయి, నిప్పుల మీద చేపలున్నాయి, రొట్టె ఉంది. వీళ్లు పట్టిన చేపలు కాదవి. ‘రండి భోజనము చేయుడి’ అన్నాడు. మొదట అన్నం. తిన్న తర్వాత పిలుపు: ‘యోహాను కుమారుడవైన సీమోనూ.’ ‘జాలరీ’ అనలేదు. తనే ఇచ్చిన ‘పేతురు’ అనే సేవ పేరు కూడా వాడలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో, తండ్రి పేరుతో పిలిచాడు. పిలిచి, ఎన్ని పట్టావు అనో, ఎందుకు ఓడిపోయావు అనో అడగలేదు. ‘నన్ను ప్రేమించుచున్నావా?’ అన్నాడు. దానికి జవాబు వచ్చాకే పని చెప్పాడు, ‘నా గొఱ్ఱెపిల్లలను మేపుము’ అని. ఉద్యోగం లేనివాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించండి. వ్యాఖ్యానం అక్కర్లేదు, మెల్లగా చదివితే చాలు.

అయ్యగార్లతో కూడా ఒక మాట, గౌరవంతో. ఈ రోగం కంపెనీ గేటు దగ్గర ఆగదు. సేవలోనూ ఉంటుంది. ఎంతమంది సభ్యులు, ఎన్ని బాప్తిస్మాలు, ఎంత పెద్ద మందిరం. డెబ్బదిమంది శిష్యులు తిరిగొచ్చి ‘దయ్యములు కూడ మాకు లోబడుచున్నవి’ అని సంబరపడితే ప్రభువు ఏమన్నాడు? దాని గురించి సంతోషించకండి, ‘మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషించుడి’ అన్నాడు. మన విశాఖకు 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు పడిన పాటు అచ్చయింది 1812లో, శ్రీరాంపూర్‌లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. పని పూర్తి కావడమే మనిషికి విలువైతే వాళ్ల బతుకులు ఏమవ్వాలి?

లూథరన్ సంఘాల వాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. 1520లో లూథరు రాశాడు, చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు ఎవరి పని వాళ్లు చేస్తూనే అందరూ సమానంగా దేవుని యాజకులని. నా చిన్నతనంలో ఈ సంగతి తెలిసుంటే ఆ ‘చెప్పులు కుట్టేవాడు’ అన్న మాట మా తాతకు వినిపించేవాణ్ణి.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి తర్వాత వారం రోజులు ఈ ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు, ప్లాంటు ఆగింది, ఆఫీసులు మూతపడ్డాయి. చెట్లన్నీ పడిపోయి కొండలు బోడిగా మిగిలాయి. జనరల్ మేనేజరుకీ వాచ్‌మన్‌కీ ఒకటే బిందె, ఒకటే ట్యాంకరు. మా వీధిలో పదకొండేళ్లుగా ఎదురింట్లో ఉన్న మనిషి పేరు నాకు ఆ ట్యాంకరు దగ్గర తెలిసింది. అంతవరకూ ఆయన నాకు ‘పోర్టు ఆయన’. ఆయనకి నేను ఫలానా కంపెనీ ఆయన. ఆ వారం ఎవరికీ పని లేదు, ఎవరూ తక్కువవాళ్లు కాలేదు. విపత్తు రావాలని కోరుకోవడం లేదు, ఎంతో నష్టపోయాం. కానీ దేవుడు విశ్రాంతి దినం ఎందుకు ఇచ్చాడో నాకు ఆ క్యూలో కొంచెం తెలిసింది. ఆదికాండంలో నరుణ్ణి ఆరో రోజున చేశాడు. ఏడో రోజు విశ్రాంతి. అంటే ఆదాము చూసిన మొదటి పూర్తి రోజు సెలవు రోజు. పని చేసి అలసి సంపాదించుకున్న సెలవు కాదు. ద్వితీయోపదేశకాండంలో దానికి కారణం కూడా చెప్పాడు: ఐగుప్తులో నీవు దాసుడవై ఉన్నావు, జ్ఞాపకం చేసుకో అని. ఐగుప్తులో వాళ్లకున్న గుర్తింపు ఒక్కటే, రోజుకి ఎన్ని ఇటుకలు. ఆదివారం కూడా ఫోన్లో వర్క్ గ్రూపు తెరిచి చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు, మధురవాడ ఐటీ కొండ మీద రాత్రి షిఫ్టులు చేసే పిల్లలు, మీకోసమే ఇది చెబుతున్నాను. ఆరోజు ఫోను పక్కన పెట్టండి. ఐగుప్తు రాజు ఫరో లెక్కలోంచి ఒక్కరోజు బయటికి రండి.

నా కథ మిగిలింది. ఉద్యోగం పోయాక మందిరంలో నా చోటు మారింది. ఎవరూ మార్చలేదు, నేనే మార్చుకున్నాను. మూడో వరసలో కూర్చునేవాణ్ణి, వెనక చెప్పులు విడిచే చోటికి వెళ్లిపోయాను. ఇంట్లో నా భార్య చీరలకు ఫాలు కుట్టి, పీకో వేసి ఇల్లు నడిపింది. ఆ మిషను చప్పుడు వినలేక నేను డాబా మీదికి పోయేవాణ్ణి. ఆమె కష్టం చూసి కాదు, నా పరువు చూసుకుని. ఇది నేను ఆమె దగ్గర ఒప్పుకున్నాను, ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

నాలుగో ఆదివారం మా సంఘంలో రిజిస్టరు చూసే పెద్దాయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు, ఆ చెప్పుల పక్కనే. కాగితం అడిగారు. ఇచ్చాను. ఖాళీ గడి చూశారు. నావైపు చూడలేదు, ఏమీ అడగలేదు. వేలు కిందికి జరిపి, ‘ఇది రాయకపోతే ఏటీ కాదు బాబూ. ఈ ఫోన్ నంబరు రాయి. నువ్వు ఒక వారం రాపోతే నేను ఫోను సెయ్యాలి కదా’ అన్నారు. రాశాను. ఆ వారంలో రెండుసార్లు ఫోను చేశారు. రెండోసారి నాలుగు మాటలు మాట్లాడి, సాయంత్రం ఇంటికి వచ్చారు. స్కూటరు మీద బియ్యం బస్తా ఉంది.

ఇప్పుడు నేను ఒక చిన్న వర్క్‌షాపులో లెక్కలు చూస్తున్నాను. జీతం అప్పటి దాంట్లో మూడో వంతు. పని మనస్ఫూర్తిగా చేస్తున్నాను, కొలొస్సయి పత్రికలో చెప్పినట్టు, ప్రభువు నిమిత్తమని. ఆ మాట పౌలు మొదట చెప్పింది దాసులకి, జీతం, హోదా, పేరు ఏదీ లేనివాళ్లకి. ఆయన కూడా డేరాలు కుట్టి బతికినవాడే.

చివరిగా ద్రాక్షతోట ఉపమానం. మత్తయి ఇరవై. ఉదయం ఏడింటికి మన జంక్షన్లలో తాపీలు, పారలు పట్టుకుని నిలబడే అడ్డా కూలీల్ని రోజూ చూస్తాం. పదింటికల్లా సగం మంది వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు మధ్యాహ్నం దాకా చూసి, క్యారేజీలో అన్నం అక్కడే తినేసి ఇంటికి పోతారు. సాయంత్రం అయిదు గంటలకు కూడా నిలబడి ఉన్నవాళ్లని యజమాని అడిగాడు, ఎందుకు ఊరికే నిలిచియున్నారని. ‘ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు’ అన్నారు. సోమరులమని అనలేదు. ఎవరూ పిలవలేదన్నారు. గంట పని చేసినవాడికి కూడా రోజు మొత్తం కూలి ఇచ్చాడు, ఒక దేనారం. ఎందుకు? వాడింట్లో పిల్లలు గంటకి సరిపడా అన్నం తినరు కదా, రోజంతటికీ సరిపడా తింటారు. ఇది మనం ‘కృప’ అని చెప్పుకుంటాం, చాలా సంతోషం. కృప అనే ఆ మాట మా ఇంటికి స్కూటరు మీద బస్తాగా వచ్చింది.

అందుకని ఈ కూడిక కమిటీని రెండు అడిగాను, వాళ్లు ఒప్పుకున్నారు. ఒకటి, మన సభ్యత్వ కాగితంలో ‘వృత్తి’ గడి తీసేస్తున్నాం. దాని చోట ‘ఈ మధ్య మీకోసం ప్రార్థించవలసిన సంగతి’ అని పెడుతున్నాం. ఇష్టమైనవాళ్లు రాస్తారు. రెండు, గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పెట్టె ఉంది. పని పోయిన ఇంటికి మూడు నెలల పాటు బియ్యం, పప్పు, పిల్లల ఫీజులో కొంత. ఎవరికి వెళ్తుందో ఇద్దరికి తప్ప తెలియదు. ఉన్నవాళ్లు వేయండి. లేనివాళ్లు వేయకండి, అడగండి. అడగడానికి మొహమాటపడితే నాకు ఫోను చేయండి, నేను ఆ చెప్పుల దగ్గర కూర్చున్నవాణ్ణే.

ఈ నెలలో పని పోయిన ఇద్దరు సహోదరులు, కాంట్రాక్టు అయిపోయిన ఒక చెల్లి ఇక్కడ మన మధ్యనే ఉన్నారు. వాళ్లని ముందే అడిగి, సరేనన్నాకే ఈ మాట చెబుతున్నాను. ఇప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు, వాళ్ల ముగ్గురినీ పేరు పెట్టి. అందరం లేచి నిలబడదాం.